పెట్టెలో రెండో రాయి

“అత్తా, పూజపెట్టెలో రెండో రాయి ఒకటుండాది. అది సాలగ్రామం కాదంట. అయ్యవారు చూసి, దీన్ని సముద్రంలో కలిపేయండి అన్నాడు. నీకొక మాట చెప్పి కలిపేద్దామని ఫోన్ చేస్తిని” అన్నాడు మా అన్న కొడుకు శ్రీధర్.

పారేసే ముందు నాకు చెప్పాలన్న బుద్ధి పుట్టినందుకు వాణ్ణి మెచ్చుకోవాలో, పారేద్దామన్న బుద్ధి పుట్టినందుకు తిట్టాలో ఒక్క క్షణం తోచలేదు. తిట్టడమే నాకు బాగా వచ్చు కాబట్టి తిట్టాను. “దాని మీద చెయ్యి వేసినావంటే చూడు! నేనొస్తాండా. వచ్చేదాకా ఆ పెట్టెకు మూత పెట్టి అట్నే ఉండనీ” అన్నాను. “సరి సరి, ఎందుకత్తా అంత కోపం, రా” అన్నాడు వాడు. కోపం ఎందుకట! ఆ రాయి వెనక మా అవ్వ ముట్టకుండా వదిలేసిన విస్తళ్ళున్నాయి. నా చదువుంది. నేను ఒకరి ఇంటి వంటగదిలో కాక కాలేజీలో పాఠాలు చెబుతూ ముసలిదాన్ని అయ్యానంటే ఆ రాయి దయ. అయ్యవారికి ఇదంతా ఏం తెలుసు? ఆయన నల్లగా లేదని పారెయ్యమన్నాడు.

శ్రీధర్ వాళ్ళు సౌకార్‌పేట ఇల్లు వదిలి అపార్ట్‌మెంటుకు పోతున్నారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ తెల్లారేసరికి ఉద్యోగాలకు పరుగెత్తాలి. సాలగ్రామం ఇంట్లో ఉంటే దానికి రోజూ నీళ్ళు పొయ్యాలి, నైవేద్యం పెట్టాలి, ఒక్క పూట కూడా పస్తు పెట్టకూడదు. అది చేతకానివాళ్ళు గుళ్ళో అప్పజెప్పడం ఆచారం. అందులో నాకు తప్పేమీ కనబడలేదు. ఆటో ఎక్కి, వ్యాసర్పాడి వంతెన కింద ఎప్పట్లాగే ఇరుక్కుని, డ్రైవరు హారన్ కొడుతుంటే నేను అవ్వను తలుచుకుంటూ కూర్చున్నాను.

మాది నాటుమందుల అంగడి. కింద అంగడి, మేడమీద ఇల్లు. వీధి మలుపు తిరగ్గానే కళ్ళకు గంత కట్టినా మా ఇల్లు ఇదేనని చెప్పేయొచ్చు. శొంఠి, పిప్పళ్ళు, వస, కరక్కాయ, సాంబ్రాణి, ఇంకా పేరు తెలియని వేళ్ళూ బెరళ్ళూ అన్నీ కలిసి ఒక ఘాటు. ఆ ఘాటు మా పరుపుల్లో, చీరల్లో, చివరికి మేము తినే పెరుగన్నంలో కూడా ఉండేది. స్కూల్లో నా పక్కన కూర్చునే పిల్లలు “నీ దగ్గర కషాయం వాసన” అని ముక్కు మూసుకునేవాళ్ళు. మూసుకోనీ! వాళ్ళకు జలుబు చేస్తే వాళ్ళ అమ్మలు పరుగెత్తుకుని వచ్చేది మా అంగడికే. పొద్దున్నే అవ్వ మేడమీద చాపలు పరిచి సరుకు ఎండబోసేది. వస కొమ్ములను ఒక్కొక్కటీ విరిచి, లోపల పుచ్చుంటే పక్కకు తోసేది. తెల్లచీర, బోడి నుదురు, గట్టి గొంతు. ఇంట్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా, చెవిపోటు వచ్చినా డాక్టరు అవ్వే.

ఇంటికి పెద్ద మా పెదనాయన, అవ్వకు పెద్దకొడుకు. చెడ్డమనిషి అని నేను అనను. కాకపోతే ఆయన మాటే ఇంట్లో చివరిమాట. మా నాయన వ్యాసర్పాడిలో రైల్వే యార్డు దగ్గరున్న మా గోదాము చూసుకునేవాడు. ఏ సంగతి అడిగినా “అన్న ఏమంటే అది” అనేవాడు. పెదనాయన పొద్దున్నే తడిపంచెతో పూజగదిలోకి పోయి రాగిపెట్టె తెరిచేవాడు. అందులో మా తాతల కాలంలో ఎవరో గండకీనది దగ్గర్నుంచి తెచ్చిన సాలగ్రామం. నున్నటి నల్లరాయి. ఒక పక్క చిన్న నోరు, ఆ నోట్లో చక్రం మాదిరి చుట్టలు. ఆడవాళ్ళు దాన్ని తాకకూడదు. ఆ పెట్టెను కూడా తాకకూడదు. అవ్వ, అమ్మ, నేను గడప ఇవతల నిలబడితే పెదనాయన దానికి నీళ్ళు పోసి, పాలు పోసి, మళ్ళీ నీళ్ళు పోసి, ఆ నీళ్ళు ఉద్ధరిణెతో మా చేతుల్లో పోసేవాడు. ఆ తీర్థం పుచ్చుకోకుండా అవ్వ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. అవ్వ తినకుండా కోడలు తినకూడదు. మా ఇంటి అన్నం ఆ రాగి ఉద్ధరిణె దగ్గర మొదలయ్యేది.

మా అంగడిలో సముద్రపు నురుగు అని ఒక సరుకు ఉండేది. తెల్లగా, అరచేయంత, పడవ ఆకారంలో, గోరుతో గీకితే పొడి రాలే బిళ్ళలు. చెవిలో చీము కారితే దాన్ని పొడిచేసి నిమ్మరసంతో వేసేవాళ్ళు. అలలు ఒడ్డుకు కొట్టిన నురుగు ఎండి గట్టిపడి అట్లా అవుతుందని మావాళ్ళ నమ్మకం. మా తాత చెప్పాడు, వాళ్ళ నాయన చెప్పాడు, ఆ పేరే అట్లా ఉంది. మేము ఉల్లిపాయ కూడా ఏకాదశినాడు తినని మనుషులం. అయినా మా ఇంట్లో చంటిబిడ్డ నుంచి అవ్వ దాకా ఆ పొడి చెవిలో వేసుకోనివాళ్ళు లేరు.

నేను కాలేజీలో జువాలజీ తీసుకున్నాను. ఎట్లా ఒప్పుకున్నారంటే, ఆ పేరుకు అర్థం ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు కాబట్టి. తర్వాత కప్పల్ని కోస్తానని తెలిసింది. ప్రాక్టికల్స్ ఉన్న రోజు ఇంటికి రాగానే తలకు పోసుకుంటే తప్ప వంటింట్లోకి రానిచ్చేవాళ్ళు కారు. నా జుట్టు ఆరిన రోజు లేదు. అట్లాంటి ఒకరోజు మా బల్లల మీద కణవా పెట్టారు. చేపలమ్మే మీన్‌కారుల గంపల్లో ఉండే ఆ మెత్తని జీవి, మొహం నిండా చేతులుంటాయే, అది. వీపు మీద కత్తి పెట్టి గీస్తే లోపల్నుంచి తెల్లగా పడవ మాదిరి ఒక ఎముక జారి బయటికొచ్చింది. నేను కత్తి కింద పెట్టేశాను. అది మా అంగడి సరుకు! మా టీచరు, సన్నగా పొడుగ్గా ఉండే తమిళావిడ, దాన్ని నిలువునా విరిచి చూపించింది. లోపల సన్నటి గదులు, గదుల మీద గదులు. ఆ గదుల్లో గాలి నింపుకుని అది నీళ్ళలో తేలుతుందట. తర్వాత బల్ల మీద ఒక రాతిచుట్ట పెట్టి, “దీనికి ఇది దూరపు దాయాది. అమ్మొనైట్. ఇప్పుడు భూమి మీద ఒక్కటి కూడా లేదు” అంది. నేను ఆ చుట్టను చూశాను. గడప ఇవతల నుంచి రోజూ చూసే చక్రం అది. ఒకే పూటలో మా అంగడీ మా పూజగదీ రెండూ ఆ బల్ల మీదికి వచ్చి కూర్చున్నాయి. నాకు ఒళ్ళంతా జలదరించింది. భయంతో కాదు, సంతోషంతో.

ఆ వారమే అంగడికి ఒక పెద్దావిడ వచ్చింది, నొసట నామం, చేతిలో మడి సంచి. మనవడికి చెవి కారుతోంది, సముద్రపు నురుగు కావాలంది. పెదనాయన పొట్లం కడుతున్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు ఊరుకుంటుందా? “అది నురుగు కాదండీ, కణవా ఎముక. నేనే కోసి చూసినా” అన్నాను. ఆవిడ చేయి వెనక్కు తీసుకుని, “రామ రామ!” అని మెట్లు దిగిపోయింది. మళ్ళీ మా అంగడి మొహం చూడలేదు.

పెదనాయన ఆ పొట్లం విసిరికొట్టాడు. “మూడు తరాలుగా ఈడ ఎముకలు అమ్ముతాండామా మేము? నీ తాత ఎముకలమ్మినాడా? చదువుకొమ్మని పంపిస్తే ఇంటికి మైల తెచ్చి పెడతావా? చాలు. రేపటి నుంచి కాలేజీ లేదు, గీలేజీ లేదు” అన్నాడు. నేను కూడా ఊరుకోలేదు. “నువ్వు అరిస్తే అది నురుగయిపోతాదా పెదనాయనా? నోరు మూయించినంత మాత్రాన ఎముక ఎముక గాకుండా పోతాదా?” అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ నేను ఒక్క అక్షరం వెనక్కు తీసుకోను. ఆయన చెయ్యెత్తాడు గానీ కొట్టలేదు. సాయంత్రం గోదాము నుంచి వచ్చిన నాయన సంగతంతా విని, “అన్న చెప్పినాక ఇంకేముందమ్మా” అని కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. వచ్చే నెలలో మా క్లాసువాళ్ళు అరియలూరు పోతున్నారు, సున్నపురాయి గనుల్లో ఆ రాతిచుట్టలు చూడడానికి. నేను పేరు ఇచ్చి వచ్చాను. ఇప్పుడు అరియలూరు మాట దేవుడెరుగు, కాలేజీ గడపే లేకుండా పోయింది.

మర్నాడు మధ్యాహ్నం మేడమీద అవ్వ పక్కన కూర్చుని వస కొమ్ములు విరుస్తున్నాను. విరవడం కాదు, కసిగా నలుపుతున్నాను. అవ్వ కాసేపు చూసి అడిగింది.

“ఏమ్మే వసంతా, నా చెవిలో ఇన్నేండ్లుగా పోసుకున్నది ఎముకా?”

“ఔ అవ్వా.”

“నువ్వు కళ్ళారా చూసినావా, యాడన్నా బుక్కులో చదివినావా?”

“నా చేత్తో కోసినా.”

“అట్లయితే నాకు గూడా చూపీ” అంది, చేతికంటిన దుమ్ము దులుపుకుంటూ.

శుక్రవారంనాడు తిరువత్తియూరు గుడికి పోయొస్తామని ఇంట్లో చెప్పి, రిక్షా ఎక్కి, దారిలో కాశిమేడు చేపల రేవు దగ్గర దిగాం. మా అవ్వ జన్మలో చేపల అంగడి మొహం చూసింది కాదు. ఆ వీధిలో పోవాల్సివస్తే చుట్టు తిరిగి పోయే మనిషి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్ళు పైకెత్తి, చేపల నీళ్ళలో అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. మీన్‌కార ఆవిడ ఒకతె అవ్వ తెల్లచీరనూ నన్నూ ఎగాదిగా చూసి, “ఏం పాట్టీ, చేప ముట్టని సైవం వాళ్ళు ఈడికొస్తిరి, దారి తప్పినారా?” అంది నవ్వుతూ. అవ్వ ముక్కు మీది కొంగు తీసేసింది. “తప్పలేదమ్మా. కణవాను కోసి లోపల ఏముందో చూపీ” అంది. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఒకదాన్ని తీసి వీపు మీద కత్తితో గీసింది. తెల్లటి ఎముక బయటికొచ్చింది. అవ్వ చెయ్యి చాపింది. నేను బిత్తరపోయాను. ఆ ఎముకను అరచేతిలో పెట్టుకుని, బక్కెట్టులో నీళ్ళతో కడిగి, గోరుతో గీకింది. పొడి రాలింది. “మనదే” అంది మెల్లగా. తర్వాత ఆ జీవి వైపు చూసి, “పాపం, ఇంత తెల్లటిదాన్ని లోపల దాచిపెట్టుకుని తిరుగుతాదా ఇది?” అంది. చెప్పిన మాట అబద్ధం కాకూడదని అక్కణ్నుంచి గుడికి కూడా పోయాం. చేపల వాసనతో అమ్మవారి ముందు నిలబడిన మా అవ్వ మొహం కడిగినట్టు ఉంది.

మరుసటి పొద్దున పెదనాయన పూజ ముగించి తీర్థం ఇవ్వడానికి గడప దగ్గరికి వచ్చాడు. అవ్వ చెయ్యి పట్టలేదు.

“ఏమ్మా?”

“ముందు పిల్లను కాలేజీకి పంపించు.”

“పొద్దున్నే ఇదేం మొండితనం! దానికి బుద్ధి రావాలని గదా...”

“నేను కాశిమేడుకు పోయి చూసొస్తిని. అది ఎముకే. ఎముకను నురుగని అమ్మింది మనం. ఎముకను ఎముకని చెప్పింది అది. శిక్ష దానికా?” అంది అవ్వ.

కాశిమేడు అన్న మాటకే పెదనాయన ఒక అడుగు వెనక్కు వేశాడు. ఉద్ధరిణె పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఆయనకు తెలుసు, తీర్థం పుచ్చుకోకపోతే అవ్వ తినదు. అవ్వ తినకపోతే అమ్మ తినదు. మా అమ్మ నోరెత్తి ఒక్క మాట అన్న మనిషి కాదు. కానీ ఆ రోజు వంటంతా చేసి, మగవాళ్ళకు విస్తళ్ళు వేసి, నెయ్యి వడ్డించి, పూటపూటా పోపు వాసనతో ఇల్లు నింపి, తను మాత్రం చెంబెడు మజ్జిగ కూడా ముట్టకుండా స్తంభానికి ఆనుకుని నిలబడింది. మూడో మనిషిని నేను. ఆకలికి కళ్ళు తిరుగుతున్నా నవ్వొస్తూనే ఉంది. ఇంట్లో మగవాళ్ళు తింటుంటే నమిలే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. పెదనాయన ఒక పూట విస్తరి సగంలో లేచిపోయాడు. మరోపూట అసలు కూర్చోలేదు. ఆ మరునాడు పొద్దున గడప దగ్గరికి వచ్చి, తలొంచుకుని, “పోనీలే. కాలేజీకి పోనీ, అరియలూరుకు పోనీ, కాశీకి పోనీ. నువ్వు చెయ్యి పట్టమ్మా” అన్నాడు. అవ్వ చెయ్యి పట్టింది. అంగడిలో ఆ సరుకు మాత్రం ఆయన మానలేదు. ఎవరైనా నురుగు కావాలని అడిగితే ఇచ్చేవాడు, ఇదేందయ్యా అని అడిగితే “సముద్రం సరుకు” అనేవాడు. అంతకు మించి నోరు విప్పేవాడు కాదు.

అరియలూరులో సముద్రం లేదు. కనుచూపు మేర ఎర్రమట్టి, సున్నపురాయి గోతులు, తుమ్మచెట్లు, నెత్తి మాడ్చే ఎండ. ఆ గోతుల్లో దిగితే కాళ్ళ కింద గవ్వలు, ఆల్చిప్పలు, సొరచేప పళ్ళు. ఒకప్పుడు ఇదంతా సముద్రమని టీచరు చెప్పింది. మట్టిని వేళ్ళతో తోడుతుంటే నాకు ఒక చుట్ట దొరికింది. నిమ్మకాయంత ఉంది, ఎండిన వక్క రంగు, ఒంటి మీద సన్నటి గీతలు. ఆ సంతోషం ఎట్లా చెప్పను! నేను దాన్ని చెంపకు ఆనించుకున్నాను. టీచరు గోతి గోడ మీద చెయ్యి పెట్టి పైకి చూపించింది. “ఈ పొరల్లో ఇవి కుప్పలు కుప్పలు. అంతకు ముందు ఇంకా పెద్ద వినాశనాలు వచ్చినాయి. సముద్రంలో దాదాపు అన్నీ తుడుచుకుపోయినప్పుడు కూడా వీటిలో ఒకటీ అరా మిగిలి, మళ్ళీ వంద రకాలుగా పెరిగినాయి. కానీ ఒక పొర దాటినాక ఇంక లేవు. ఒక్కటి కూడా” అంది. ఎందుకని అడిగాను. “ఇదీ కారణమని ఎవరూ గట్టిగా చెప్పలేకున్నారు. కనుక్కోండి, మీరెందుకున్నారు?” అంది. ఆ మాట పట్టుకునే నేను ఆ తర్వాత ఎమ్మెస్సీ చదివాను, ఆ మాట పట్టుకునే బతికాను.

ఇంటికి వచ్చి ఆ రాయిని అవ్వ ఒళ్ళో పెట్టాను. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పూజపెట్టెలోది కూడా ఇదే జాతి అని చెప్పి, కోపగించుకుంటుందేమో అనుకున్నాను. “ప్రాణముండే దాంట్లోనే గదా సామి ఉండేది. దాని కోసం నన్ను భయపెట్టబాక” అంది. గోతిలో టీచరు చెప్పిందంతా నేను ఆమెకు చెప్పుకుంటూ పోయాను. చాప మీద వస కొమ్ములు అట్లాగే ఉన్నాయి.

“అన్నీ ఒకేసారి చచ్చిపోయినాయా?”

“ఔ అవ్వా. ఇవీ, ఇంకా ఎన్నెన్నో.”

“ఏం పాపం చేసినాయని?”

“ఏ పాపమూ చెయ్యలేదవ్వా. కాలం మారిపోయింది, అంతే. అవి బాగానే బతికినాయి.”

“మరి మిగిలినవి? ఆ కణవా, అదీ?”

“అవి పుణ్యం చేసి మిగల్లేదు. వాటి బతుకు తీరు వేరే, అవున్న చోటు వేరే. తప్పించుకున్నాయి.”

అవ్వ కళ్ళెంట నీళ్ళు కారాయి. మా అవ్వ ఏడవగా నేను చూడడం అదే మొదలు. మా తాత కలరాతో పోయాడు. ఆ కలరాలో మా వీధిలో పాడె లేవని ఇల్లు లేదట. తాతతో పాటే అవ్వ కన్న ఇద్దరు ఆడపిల్లలూ పోయారు. వాళ్ళందరికీ వాంతులు ఎత్తిపోసి, ఒళ్ళు తుడిచి, నోట్లో నీళ్ళు పోసింది అవ్వే. ఆమెకు ఏమీ కాలేదు. మా పెదనాయనా నాయనా ఆ రోజుల్లో నెల్లూరులో మేనమామ ఇంట్లో ఉండబట్టి బతికారు. “అందర్నీ మింగి తను మాత్రం గుండ్రాయి మాదిరి కూర్చుంది” అన్నారట బంధువులు. పెళ్ళిళ్ళకు ఎదురు రానివ్వలేదు. పేరంటాలకు పిలవలేదు. ఆమె కూడా ఆ మాట నమ్మేసింది. బతికినందుకు ఇన్నేళ్ళూ సిగ్గుపడుతూ బతికింది. “అయితే పోయినోళ్ళు పాపం చేసి పోలా. నేను పాపం చేసి ఉండిపోలా” అంది అవ్వ, ఆ రాయిని గుప్పిట్లో బిగించి. “లేదవ్వా, లేదు” అన్నాను. నేను కూడా ఏడ్చాను. ఆ బంధువులను అందరినీ పేరుపేరునా తిట్టాలనిపించింది.

మరునాడు పొద్దున పెదనాయన తడిపంచెతో రాగిపెట్టె మూత తీసి, తీసిన చేతిని అట్లాగే ఆపేశాడు. గడప ఇవతల నుంచి నాకు కనిపించింది. నల్లరాయి పక్కన వక్కరంగు చుట్ట. ఆ పెట్టెను తాకగల మగవాళ్ళెవరూ ఆ ఇంట్లో ఆ పని చేయరు. పెదనాయన తల తిప్పి అవ్వ వైపు చూశాడు. అవ్వ రెప్ప వాల్చలేదు. ఇన్నేళ్ళు గడప ఇవతలే నిలబడ్డ మనిషి, తల్లి అయినా సరే తాకకూడని మనిషి, తాకి వచ్చి నిలబడి, ఏమంటావో అనమన్నట్టు చూసింది. అవ్వ కాశిమేడు పోయింది, పస్తున్నది, ఇంక దేనికి భయపడుతుంది? పెదనాయన మళ్ళీ పెట్టె వైపు తిరిగాడు. చెంబు ఎత్తి రెండిటి మీదా నీళ్ళు పోశాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ పోశాడు. దాని గురించి ఆయన ఒక్క మాట అడగలేదు, అవ్వ ఒక్క మాట చెప్పలేదు. ఆయన తర్వాత మా అన్న పోశాడు, అన్న తర్వాత శ్రీధర్. ఎందుకని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో ఆచారాలు అట్లాగే పుడతాయి.

ఆటో దిగి వీధిలో నడుస్తుంటే ముక్కు వెతుక్కుంది. ఇప్పుడు ఆ వీధిలో శొంఠి లేదు, సాంబ్రాణి లేదు. సెల్‌ఫోను తొడుగులు, ప్లాస్టిక్ పూలు, చీకట్లో మెరిసే బొమ్మలు. తెలుగు అంగళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పెళ్ళిళ్ళలో కనిపించినప్పుడల్లా మా ముసలాళ్ళు “మన కథ అయిపోయిందమ్మా. చేతగాలేదు మనకు” అని మూలుగుతారు. నాకు మండుతుంది. కాలేజీలో ఏటా ఒక పిల్ల లేచి “బలమున్నవే మిగులుతాయి గదా మేడం” అనేది. కూర్చోమ్మా అని చెప్పేదాన్ని. అమ్మొనైట్లకంటే బలమైనవి, అందమైనవి, రకరకాలైనవి సముద్రంలో ఎన్నున్నాయి? ఆ తర్వాత శాస్త్రవేత్తలు కొండంత బండ ఆకాశం నుంచి పడిందన్నారు, సముద్రం పైపొర పాడయిందన్నారు. వీటి పిల్లలు సన్నగా ఆ పైపొరలో తేలేవట, పోయాయి. నాటిలస్ అనే దాయాది లోతున పెద్ద గుడ్లు పెట్టేది, మిగిలింది. నెల్లూరులో మేనమామ ఇల్లు ఉన్నవాళ్ళు మిగిలినట్టు. అంతేగానీ పోయినవాళ్ళు చేతగానివాళ్ళని ఎవడన్నాడు? కాలం కూల్చేసినదాన్ని చూసి తీర్పులు చెప్పేవాళ్ళంటే నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. అవ్వను అన్నవాళ్ళూ వీళ్ళే, పేర్లే వేరు.

మేడమీద శ్రీధర్, వాడి కూతురు నిత్య, గుడి నుంచి పెట్టెను తీసుకుపోవడానికి వచ్చిన అయ్యవారు ఉన్నారు. సగం సామాను అట్టపెట్టెల్లోకి పోయింది. నేను నేరుగా పూజగదిలోకి పోయి రాగిపెట్టె మూత తీశాను. “అమ్మా, తమరు తాకకూడదు” అన్నాడు అయ్యవారు. “తాకి చాలా కాలమయింది స్వామీ, మా ఇంటి ఆడవాళ్ళు” అన్నాను. రెండు రాళ్ళనూ రెండు చేతుల్లోకి తీసుకున్నాను. నల్లది చల్లగా ఉంది. వక్కరంగుది కూడా అంతే చల్లగా ఉంది.

“అది సాలగ్రామం కాదమ్మా. సముద్రంలో కలిపేస్తే దోషం ఉండదు” అన్నాడాయన, మర్యాదగానే.

“ఇది దొరికిన చోట ఒకప్పుడు సముద్రమే ఉండేది స్వామీ. సముద్రమే దీన్ని వదిలిపెట్టి వెనక్కు పోయింది. ఇది యాడికీ పోలా. ఉన్నచోటే ఉండాది. దీన్ని తీసుకుపోయి దాని కాళ్ళ మీద పడెయ్యమంటారా?” అన్నాను.

“రెండూ నేనే తీసుకుపోతా శ్రీధరా. రోజూ నీళ్ళు పోస్తా. నాకు పొద్దున్నే పరుగెత్తే ఉద్యోగం లేదు” అన్నాను. వాడు అయ్యవారి వైపు చూశాడు, నా వైపు చూశాడు, మా పెదనాయన మాదిరే తలొంచుకున్నాడు. “సరి అత్తా” అన్నాడు. నేను రెండిటినీ పళ్ళెంలో పెట్టి నీళ్ళు పోశాను. ఉద్ధరిణె తీసుకుని నేను పుచ్చుకున్నాను. గడప అవతల నిత్య నిలబడి ఉంది. ఎవరూ చెప్పకపోయినా అక్కడే ఆగిపోయింది, మా అమ్మ ఆగినట్టు, మా అవ్వ ఆగినట్టు. “అవ్వా, రెండిట్లో ఏది సామి?” అని అడిగింది.

“నీళ్ళు రెండిటి మీద నుంచీ వచ్చినాయి. గడప దాటి లోపలికొచ్చి చెయ్యి పట్టు” అన్నాను.